నిలువు ఫోటోలతో అడ్డం వీడియో: నల్ల పట్టీలు లేకుండా, తలలు తెగకుండా పెట్టేదెలా?

కోనసీమ_టు_బెంగళూరు

నమస్తే అండి. వచ్చే నెల మల్లేశ్వరంలో ఒక హాల్లో మా మామయ్యగారి షష్టిపూర్తి. స్టేజి వెనక ఎల్‌ఈడీ వాల్ మీద వేయడానికి ఫోటోల వీడియో చేస్తున్నాను. ప్రోగ్రాంలో దీనికి ఇచ్చిన టైము 8 నిమిషాలు. మొత్తం 120 ఫోటోలు ఏరి పెట్టాం. అందులో 80 నిలువువే. ఎక్కువ భాగం ఫోన్లో తీసినవి (3024×4032), కొన్ని ఊరి నుంచి వాట్సాప్‌లో వచ్చినవి, ఇంకొన్ని పాత ప్రింట్లు, అవి ఇంకా స్కాన్ చెయ్యాలి.

వాడుతున్నది డావిన్సీ రిజాల్వ్ అనే వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఫ్రీ వెర్షన్, విండోస్, 1920×1080 టైమ్‌లైన్ (ఫోటోలు వరసగా పేర్చే చోటు). ఎక్కడ ఆగిపోయానంటే:

నిలువు ఫోటోని అలాగే పెడితే రెండు పక్కలా నల్ల పట్టీలు, స్క్రీన్లో సగం పైన నలుపే. జూమ్ చేసి నింపితే తలో కాళ్ళో తెగుతున్నాయి. వెనకాల అదే ఫోటోని పెద్దది చేసి బ్లర్ పెట్టి చూశాను, బాగానే ఉంది కానీ వరసగా పది ఫోటోలు అలాగే వస్తుంటే మసకమసకగా, ఏది అసలు ఫోటోయో తెలియనట్టు ఉంది. పైగా ఇది 80 సార్లు చేత్తో చెయ్యాలా?

ఇవి కాక, కొన్ని ఫోటోలు పక్కకి పడుకుని వస్తున్నాయి. ఫోల్డర్ మొత్తం లాగి పడేస్తే నలభై ఫోటోలు కలిసి ఒకే క్లిప్పుగా, రెండు సెకన్లలో టపటపా అయిపోయే వీడియోలా వచ్చింది. ఎవరైనా దారి చెప్పగలరా?


టైమ్‌లైన్_తమ్ముడు

ముందు చివరి రెండూ తేల్చేద్దాం, అవి చిన్నవి.

ఫోటోల పేర్లలో వరస నంబర్లు ఉంటే రిజాల్వ్ వాటిని ఇమేజ్ సీక్వెన్స్ అనుకుంటుంది, అంటే ఒక్కో ఫోటో ఒక్కో ఫ్రేము. మీడియా పేజీలో పైన కుడివైపు మూడు చుక్కల మెనూ, అందులో ఫ్రేమ్ డిస్‌ప్లే మోడ్, అక్కడ ఇండివిడ్యువల్ ఎంచుకుని మళ్ళీ ఇంపోర్ట్ చెయ్యండి. విడివిడిగా వస్తాయి.

పక్కకి పడుకోవడం ఎందుకంటే, ఫోన్ ఫోటోని సెన్సర్ చూసినట్టే అడ్డంగా దాచి, "చూపించేటప్పుడు తిప్పు" అని ఎగ్జిఫ్‌లో (ఫోటో ఫైల్లోనే దాగుండే వివరాల్లో) ఒక గుర్తు పెడుతుంది. ఫోటో యాప్‌లు ఆ గుర్తు చదువుతాయి, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు అన్నిసార్లూ చదవవు. రెండు మూడు ఫోటోలే అయితే మీడియా పూల్‌లో రైట్ క్లిక్, క్లిప్ అట్రిబ్యూట్స్, ఇమేజ్ ఓరియెంటేషన్‌లో 90 గానీ 270 గానీ పెట్టండి. ఎక్కువ ఉంటే ఇర్ఫాన్‌వ్యూ అనే ఫోటో సాఫ్ట్‌వేర్‌లో ఒకేసారి అన్నిటినీ ఎగ్జిఫ్ ప్రకారం తిప్పి సేవ్ చేసుకుంటే ఇక ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ ఈ గొడవ ఉండదు. ఇది ఎడిటింగ్ మొదలుపెట్టక ముందే చెయ్యాలి. టైమ్‌లైన్లో పెట్టేశాక ఫైలు తిప్పితే అప్పటికే పెట్టిన జూమ్‌లు, పొజిషన్లు అన్నీ చెదిరిపోతాయి.

ఇక అసలు సంగతి. మీ ఇబ్బంది బ్లర్ వల్ల వచ్చింది కాదండి, 80 ఫోటోలకీ ఒకే మందు వెయ్యడం వల్ల వచ్చింది. ఏ ఫోటోకి ఏం చెయ్యాలో ఆ ఫోటోనే చెప్తుంది. సాఫ్ట్‌వేర్ తెరవక ముందు ఫోటోల్ని మూడు ఫోల్డర్లుగా విడగొట్టండి: నింపేవి, నిలువుగానే ఉంచేవి, పక్కపక్కన కలిపి పెట్టేవి.

ఎలా తేల్చాలంటే లెక్క ఇది. 3:4 ఫోటో 1080 ఎత్తుకి సరిపెడితే వెడల్పు 810 పిక్సెళ్ళు. పక్కల మిగిలేది 1110, అంటే అటు 555, ఇటు 555. అదే ఫోటోని 1920 వెడల్పుకి నింపితే ఎత్తు 2560 అవుతుంది, కనపడేది 1080 మాత్రమే. అంటే ఫోటోలో 42 శాతమే దక్కుతుంది, 58 శాతం పోతుంది. కెమెరాతో తీసిన 2:3 నిలువు ఫోటోకి దక్కేది 37.5 శాతం. ఫోన్లో 9:16లో తీసినవైతే 32 శాతం కూడా ఉండదు, వాటిని నింపే ఆలోచనే వద్దు.

మీ 3024×4032 ఫోటోలో స్క్రీన్ మీదికి వచ్చే ముక్క ఎత్తు 1701 పిక్సెళ్ళు. ఫోటో తెరిచి, జుట్టు పైనుంచి గడ్డం కింద దాకా, కాస్త భుజాలతో సహా ఆ 1701లో పడుతుందా చూడండి. పడితే "నింపేవి" ఫోల్డర్లోకి. ఒక్కరి క్లోజప్పులు, ఒళ్ళో పసిపిల్లలు, నడుము పైభాగం ఫోటోలు ఇందులోకి వస్తాయి. నిలబడ్డ జంట, గుమ్మం ముందు కుటుంబం, గుడి గోపురం ముందు తీసినవి ఎప్పటికీ ఇందులోకి రావు. వాటిని నింపాలని చూస్తే ఎవరో ఒకరి తల పోతుంది.

నింపేవాటికి రిజాల్వ్‌లో ఇన్‌స్పెక్టర్, స్కేలింగ్ ఫిట్ మీదే ఉంచి జూమ్ విలువ పెంచండి. 3:4కి 2.38, 2:3కి 2.67. సరిగ్గా 2.37 పెడితే అంచున ఒక పిక్సెల్ నల్ల గీత కనపడే అవకాశం ఉంది, అందుకే కొంచెం ఎక్కువ. రిజాల్వ్ జూమ్ చేసేటప్పుడు అసలు ఫైలు పిక్సెళ్ళనే తీసుకుంటుంది, కాబట్టి ఒరిజినల్ పెద్దదైతే మసక రాదు. తర్వాత పొజిషన్ వై తిప్పి ముఖాన్ని సరిచేసుకోండి. కళ్ళు ఫ్రేము పైనుంచి మూడో వంతు దగ్గర ఉంటే కుదురుగా ఉంటుంది.

వీటికి కదలిక ఇవ్వొచ్చు, కింది నుంచి పైకి, ముఖం దగ్గర ఆగేలా. కానీ మొత్తం 1480 పిక్సెళ్ళ దూరం 5 సెకన్లలో లాగొద్దు. 30 ఫ్రేముల టైమ్‌లైన్లో అది ఫ్రేముకి 10 పిక్సెళ్ళు, చూసేవాళ్ళ కళ్ళు లాగేస్తాయి. 6 సెకన్లలో 350 పిక్సెళ్ళు, అంటే ఫ్రేముకి 2 పిక్సెళ్ళ వేగం, హాయిగా ఉంటుంది. కీఫ్రేముల (కదలిక మొదలు, చివర పెట్టే గుర్తుల) మీద రైట్ క్లిక్ చేసి మొదటిదానికి ఈజ్ అవుట్, చివరిదానికి ఈజ్ ఇన్ పెట్టండి, లేకపోతే చివర బండి బ్రేకు కొట్టినట్టు ఆగుతుంది. నిలువు ఫోటోలకి డైనమిక్ జూమ్ వాడకండి. అది ఫ్రేము మొత్తాన్ని, పట్టీలతో సహా, దగ్గరికి లాగుతుంది.

ఫ్రేమ్ రేటు ఇప్పుడే చూసుకోండి. మీడియా లోపలికి వచ్చాక రిజాల్వ్ ప్రాజెక్ట్ ఫ్రేమ్ రేటు మార్చనివ్వదు. హాల్లో ల్యాప్‌టాప్ నుంచి వెళ్ళేది మామూలుగా 60 హెర్ట్జ్, దాని మీద 25 ఫ్రేముల వీడియో నెమ్మది కదలికల్లో తడబడుతుంది. 30 పెట్టండి. ఇప్పటికే 24 లేదా 25లో ఉంటే కొత్త టైమ్‌లైన్ తీసి, యూజ్ ప్రాజెక్ట్ సెట్టింగ్స్ టిక్కు తీసేసి, అందులో 30 పెట్టుకోండి.


టైమ్‌లైన్_తమ్ముడు

బ్లర్ 80 సార్లు చెయ్యాలా అన్నదానికి: అక్కర్లేదు, ఒక్కసారి చాలు.

ఫోటోలన్నీ వీ1 (మొదటి వీడియో ట్రాకు) మీద వరసగా, కావలసిన నిడివికి కత్తిరించి పెట్టుకోండి. అన్నీ సెలెక్ట్ చేసి, ఆల్ట్ నొక్కి పట్టుకుని పైకి లాగితే కాపీలు తయారవుతాయి, వాటిని వీ3 మీద వదలండి. ఇప్పుడు వీ1 మీదవన్నీ సెలెక్ట్ చేసి ఇన్‌స్పెక్టర్లో రీటైమ్ అండ్ స్కేలింగ్ కింద స్కేలింగ్‌ని ఫిల్ చెయ్యండి. అన్నీ ఒకేసారి నిండుతాయి. మధ్యలో ఖాళీగా ఉన్న వీ2 మీద ఎఫెక్ట్స్ నుంచి అడ్జస్ట్‌మెంట్ క్లిప్ తెచ్చి, మొదటి ఫోటో నుంచి చివరి ఫోటో దాకా సాగదీయండి. ఆ ఒక్క క్లిప్పు మీద గాస్సియన్ బ్లర్ వెయ్యండి. అడ్జస్ట్‌మెంట్ క్లిప్పు తన కింద ఉన్నవాటి మీదే పని చేస్తుంది, వీ3లో అసలు ఫోటోలు తేటగా ఉంటాయి.

బ్లర్ పెట్టాక ఫ్రేము అంచుల్లో నల్లటి నీడ కమ్ముకుంటే, ఆ ఎఫెక్టులోనే బోర్డర్ టైప్ అని ఉంటుంది, రెప్లికేట్ గానీ రిఫ్లెక్ట్ గానీ పెట్టండి.

ఇక "ఏది అసలు ఫోటోయో తెలియట్లేదు" అన్నారు చూడండి, దానికి కారణం వెనకాల బొమ్మ కూడా ముందు బొమ్మంత వెలుగుతో, అంత రంగుతో ఉండటం. ముఖం 2.37 రెట్లు పెద్దదై వెనక పసుపు, ఎరుపు మచ్చలుగా పరుచుకుంటే కన్ను అటే పోతుంది. అదే అడ్జస్ట్‌మెంట్ క్లిప్పుని కలర్ పేజీలో తెరిచి శాచురేషన్ (రంగుల గాఢత) 50 నుంచి 25కి దించండి, గెయిన్ తగ్గించి వెలుగు సగానికి తెండి. బ్లర్ కూడా బాగా పెంచండి. వెనక ఉన్నది ముఖమని గుర్తుపట్టగలిగితే బ్లర్ చాలనట్టే. వీ3లో ఫోటోల జూమ్ 0.92 దగ్గర పెట్టి, ఫోటో వ్యవధిలో నెమ్మదిగా 0.97కి పెంచండి. 1.00 నుంచి మొదలుపెట్టి పెంచితే పైనా కిందా తెగుతుంది, 0.92 నుంచి 0.97 అయితే చివరిదాకా చుట్టూ సన్నటి జాగా మిగులుతుంది.

డిసాల్వ్‌లు (ఒక ఫోటో కరిగి ఇంకోటి వచ్చేవి) పెట్టేటప్పుడు వీ1, వీ3 రెండిటికీ ఒకే నిడివి ఉండాలి. రెండు ట్రాకుల్లోవీ సెలెక్ట్ చేసి కంట్రోల్ టీ కొడితే ఒకే కొలతతో అన్నిటికీ పడతాయి.

అడ్డం ఫోటోలు 40 ఉన్నాయన్నారు. 3:2వి ఫిల్ చేస్తే ఎత్తులో 84 శాతం, ఫోన్ 4:3వి ఫిల్ చేస్తే 75 శాతం మిగులుతుంది. తలలు మాత్రం చూసుకుని పొజిషన్ వై సర్దండి. అంతే.


జరీ_అంచు

తమ్ముడుగారు చెప్పిన పద్ధతి పనికొచ్చేదే. కానీ షష్టిపూర్తి లాంటి వీడియోలో వెనకాల బ్లర్ వీలైనంత తక్కువ ఉండాలని నా గట్టి అభిప్రాయం. పాత నలుపు తెలుపు ఫోటో వెనక దాన్నే బ్లర్ చేస్తే బూడిదరంగు పొగలా ఉంటుంది, ఫోటో విలువే తగ్గిపోతుంది. దానికన్నా ముదురు గోధుమ రంగు గానీ, ముదురు మెరూన్ గానీ ఒకే రంగు వెనకాల పెట్టి, ఫోటో చుట్టూ సన్నటి తెల్ల అంచు ఇస్తే పాత ఆల్బమ్ అట్ట మీద అంటించినట్టు నిండుగా ఉంటుంది. రిజాల్వ్‌లో జనరేటర్స్ నుంచి సాలిడ్ కలర్ తెచ్చి వీ1లో పరిస్తే సరి.

అంచు రిజాల్వ్‌లో వెయ్యక్కర్లేదు. ఇర్ఫాన్‌వ్యూ బ్యాచ్‌లో ఫోటోల పొడుగు వైపుని 3072కి తగ్గించి, కాన్వాస్ సైజ్‌లో నాలుగు వైపులా 32 పిక్సెళ్ళ తెలుపు కలపండి. చిన్న ఫోటోల్ని పెంచొద్దు అనే టిక్కు మర్చిపోకండి. స్క్రీన్ మీద 0.9 జూమ్ దగ్గర ఆ 32 దాదాపు 10 పిక్సెళ్ళుగా కనిపిస్తుంది. 1600 ఎత్తే ఉన్న వాట్సాప్ ఫోటోలకి 32 కాదు, 17 చాలు. లేకపోతే వాటి అంచు మాత్రం రెట్టింపు లావుగా వస్తుంది.

మీకు అన్నిటికన్నా అక్కరకొచ్చేది కలిపి పెట్టడం. నిలువు ఫోటోలు ఎక్కువున్నాయని బాధపడక్కర్లేదు, అడ్డం స్క్రీన్‌కి మూడు నిలువు ఫోటోలు పక్కపక్కన పెడితే అచ్చంగా సరిపోతాయి. కొలతలు ఇవి.

3:4 ఫోటోలు మూడు: ఒక్కోటి 600×800. మధ్యలోనూ పక్కలానూ 30 పిక్సెళ్ళ జాగా. 600 మూళ్ళు 1800, 30 నాలుగులు 120, మొత్తం 1920. పైనా కిందా 140 మిగులుతుంది. రిజాల్వ్‌లో ఫిట్ మీద జూమ్ 0.741, పొజిషన్ ఎక్స్ వరసగా -630, 0, 630.

3:4 ఫోటోలు రెండు: ఒక్కోటి 720×960, జూమ్ 0.889, ఎక్స్ -440, 440. మూడు జాగాలూ 160 చొప్పున, పైనా కిందా 60.

9:16 ఫోటోలు మూడు: ఒక్కోటి 540×960, జూమ్ 0.889, ఎక్స్ -615, 0, 615. జాగాలు 75 చొప్పున.

ఒక సెట్ తయారు చేశాక ఆ మూడు క్లిప్పులూ కాపీ చేసి, తర్వాతి వాటి మీద ఆల్ట్ వీ తో పేస్ట్ అట్రిబ్యూట్స్ వాడండి, జూమ్, పొజిషన్ మాత్రమే టిక్ చేసి. మూడూ ఒకేసారి దిగకుండా, ఒక్కోటి అర సెకను తేడాతో వస్తే చూపు ఎడమ నుంచి కుడికి వరసగా వెళ్తుంది. మూడిటికీ ఏదో ఒక సంబంధం ఉండాలి సుమండీ. ఒకే రోజు తీసినవో, ఒకే మనిషి మూడు వయసులవో. సంబంధం లేని మూడు ఫోటోలు పక్కపక్కన పెడితే స్టూడియో కిటికీలో వేలాడదీసినట్టు ఉంటుంది. అలాగే మూడింటిలోనూ ముఖాల సైజు ఇంచుమించు ఒకటేలా ఉండేవి ఏరండి. ఒకటి క్లోజప్పు, పక్కది దూరం నుంచి తీసిన గుంపు ఫోటో అయితే గుంపులో వాళ్ళెవరూ కనపడరు.

టైము కూడా దీనితోనే కుదురుతుంది. 120 ఫోటోలు ఒక్కోటి 5 సెకన్లు అంటే 10 నిమిషాలు, మీకున్నది 8. నిలువు వాటిలో 36 ఫోటోల్ని మూడేసి చొప్పున 12 సెట్లుగా చేసి ఒక్కో సెట్‌కి 8 సెకన్లు ఇస్తే 96 సెకన్లు. మిగిలిన 44 నిలువువి 5 సెకన్ల చొప్పున 220. అడ్డం 40 ఫోటోలు 4 సెకన్ల చొప్పున 160. మొత్తం 476 సెకన్లు, 8 నిమిషాలకి 4 సెకన్లు తక్కువ.

ఇంకో మంచి ఉపాయం, ఫోటోని మధ్యలో కాకుండా ఒక పక్కకి జరపడం. ఎక్స్ -470 దగ్గర పెడితే కుడి వైపు దాదాపు సగం స్క్రీన్ ఖాళీ. అక్కడ ఊరి పేరు, ఏడాది పెద్ద అక్షరాల్లో: తెనాలి, 1984. ఖాళీ జాగా అప్పుడు లోటులా కనపడదు. బెంగళూరు హాల్లో సగం మంది కన్నడవాళ్ళు ఉంటారు కాబట్టి పొడుగాటి తెలుగు వాక్యాలకన్నా పేరు, ఏడాది అందరికీ అందుతాయి. తెలుగు టైప్ చేసినప్పుడు ఒత్తులు విడిపోయి పక్కన పడుతుంటే దానితో కుస్తీ పట్టకండి. ఇంక్‌స్కేప్‌లో గానీ పవర్‌పాయింట్‌లో గానీ రాసి, వెనక రంగు లేని పీఎన్‌జీగా సేవ్ చేసి ఫోటోలాగే తెచ్చి పెట్టండి.


రెండర్_రూమ్

ప్రీమియర్ అనే ఇంకో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళ కోసం ఒక ముఖ్యమైన సంగతి, ఇదే ప్రశ్న వాళ్ళూ అడుగుతుంటారు. క్లిప్పు మీద రైట్ క్లిక్ చేస్తే స్కేల్ టు ఫ్రేమ్ సైజ్, సెట్ టు ఫ్రేమ్ సైజ్ అని రెండు ఉంటాయి (కొత్త వెర్షన్లలో రెండోది ఫిట్ టు ఫ్రేమ్). చూడ్డానికి రెండూ ఒకేలా పని చేస్తాయి, కానీ మొదటిది ఫోటోని సీక్వెన్స్ కొలతకి కుదించేస్తుంది, ఆ తర్వాత జూమ్ చేస్తే 810×1080 బొమ్మని సాగదీసినట్టు మసకేస్తుంది. రెండోది స్కేల్ విలువ మాత్రమే మారుస్తుంది, అసలు పిక్సెళ్ళు పదిలం. ఎప్పుడూ రెండోదే.

ప్రీమియర్లో పొజిషన్ మధ్య నుంచి కాదు, ఎడమ పై మూల నుంచి లెక్క. పైన చెప్పిన మూడు ఫోటోల సెట్‌కి 330, 960, 1590, నిలువులో 540. 3024 వెడల్పు ఫోటోకి స్కేల్ 19.84. గాస్సియన్ బ్లర్‌లో రిపీట్ ఎడ్జ్ పిక్సెల్స్ టిక్ చెయ్యండి. తెలుగు ఒత్తులకి ప్రిఫరెన్సెస్, గ్రాఫిక్స్‌లో సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్ టెక్స్ట్ ఇంజిన్.

షాట్‌కట్‌లో అయితే బ్లర్: ప్యాడ్ అనే ఫిల్టరు, కెడెన్‌లైవ్‌లో పిల్లర్ ఎకో. ఒక్క ఫిల్టరుతో పక్కల జాగా అదే ఫోటో బ్లర్‌తో నిండిపోతుంది. కానీ వెలుగు తగ్గించే పని మళ్ళీ వేరేగా చూసుకోవాలి.

ఇప్పుడు ఏఐ తో పక్కల గోడ, ఆకాశం పొడిగించడం కూడా ఉంది, ఫోటోషాప్‌లో జనరేటివ్ ఎక్స్‌పాండ్ లాంటివి. వెనక సాదా గోడో, సముద్రమో, పొలమో ఉంటే వాడండి. అంచున సగం కనపడే మనిషి ఉన్న ఫోటోకి మాత్రం వద్దు. మిగతా సగం మనిషిని అది తనంతట తనే తయారు చేస్తుంది, చెయ్యీ చీరా ఎవరివో అవుతాయి. పెద్దల ఫోటోల్లో ఆ పని చెయ్యకూడదు.


కోనసీమ_టు_బెంగళూరు

అందరికీ చాలా థ్యాంక్స్ అండి. అడ్జస్ట్‌మెంట్ క్లిప్ పద్ధతి, మూడు ఫోటోల సెట్ రెండూ పని చేశాయి, 0.741 అచ్చంగా సరిపోయింది.

ఇంకో మూడు సందేహాలు. నెమ్మదిగా జూమ్ అవుతున్నప్పుడు పట్టుచీరల జరీ అంచు దగ్గర మిణుకుమిణుకుమని చీమలు పాకినట్టు కదులుతోంది, ఎందుకు? వాట్సాప్ ఫోటోలు నింపితే మసకగా ఉన్నాయి, ఏమైనా చెయ్యొచ్చా? ఎల్‌ఈడీ వాల్ 4 మీటర్లు × 2.5 మీటర్లు అని హాల్ వాళ్ళు చెప్పారు, దానికి 1920×1080 సరిపోతుందా?


జరీ_అంచు

జరీ సంగతి: 4032 ఎత్తున్న ఫోటోని వెయ్యి చిల్లరకి కుదిస్తే జరీ పోగు ఒక్కోటి పిక్సెల్‌కన్నా సన్నబడుతుంది. ఫోటో కదిలినప్పుడల్లా ఆ పోగు ఒక ఫ్రేములో ఈ పిక్సెల్‌లో, ఇంకో ఫ్రేములో పక్క పిక్సెల్‌లో పడి మెరుస్తూ ఆరుతూ ఉంటుంది. ధర్మవరం, కంచి అంచులకీ, కిటికీ మెష్‌లకీ, గళ్ళ చొక్కాలకీ ఇదే బాధ. ఫోటోని ముందే చిన్నది చేసి తేవడమే మందు. నిలువుగా చూపించే ఫోటోకి 2000 ఎత్తు చాలు, మూడు ఫోటోల సెట్లో వాటికి 1600. బ్యాచ్ రీసైజ్‌లో లాంజోస్ ఫిల్టరు వాడండి, తర్వాత షార్పెన్ వెయ్యకండి. 32 పిక్సెళ్ళ అంచు కూడా ఆ లెక్కనే తగ్గించుకోండి. అప్పటికీ మెరిస్తే ఆ ఒక్క ఫోటోకి జూమ్ తీసేసి కదలకుండా ఉంచండి. ప్రీమియర్లో అయితే మోషన్ కింద యాంటీ ఫ్లికర్ 0.5 పెట్టి చూడొచ్చు. నింపే ఫోటోల్ని మాత్రం తగ్గించొద్దు, వాటికి 1920 పైన వెడల్పు ఉండాల్సిందే.

వాట్సాప్ ఫోటో మామూలుగా 1200×1600కి కుదించి వస్తుంది. నిలువుగా 1080 ఎత్తులో పెడితే ఢోకా లేదు. 1920 వెడల్పుకి నింపాలంటే 160 శాతం సాగదీయాలి, అందుకే మసక. ఊళ్ళో వాళ్ళని అదే ఫోటో గ్యాలరీ నుంచి కాకుండా డాక్యుమెంట్‌గా పంపమనండి, అసలు ఫైలు వస్తుంది. ఐఫోన్ నుంచి వచ్చిన హెచ్‌ఈఐసీ ఫైలు తెరుచుకోకపోతే జేపెగ్‌కి మార్చుకోండి. అసలు దొరకని ఫోటోల్ని మూడు ఫోటోల సెట్లలోకి పంపేయండి, 800 ఎత్తులో అవి తేటగానే ఉంటాయి.

పాత ప్రింట్లు ఫోన్తో తీయొద్దు, స్కాన్ చేయించండి. 4×6 అంగుళాల ప్రింటు 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేస్తే 2400×3600, నింపడానికి కూడా సరిపోతుంది. 300 అయితే 1200×1800, వాట్సాప్ ఫోటోతో సమానం. పాస్‌పోర్ట్ సైజు ఫోటోకి 1200 డీపీఐ అడగండి. సిల్క్ గుళ్ళ పేపరు మీద ప్రింటయిన ఫోటోలు స్కానర్లో చుక్కలు చుక్కలుగా వస్తాయి. వాటిని ఒకసారి నిట్టనిలువుగా, ఒకసారి 180 డిగ్రీలు తిప్పి స్కాన్ చేసి, ఒకదాని మీద ఒకటి పేర్చి పైదాని ఒపాసిటీ 50 చేస్తే గుళ్ళ నీడలు చాలావరకు సద్దుమణుగుతాయి.


ఎల్‌ఈడీ_వాల్_పని

4 × 2.5 మీటర్లు అంటే అర మీటరు క్యాబినెట్లు (వాల్‌లో ఒక్కో పలక) అడ్డంగా 8, నిలువుగా 5 అయ్యుండాలి. పిచ్ (బల్బుకీ బల్బుకీ మధ్య దూరం, మిల్లీమీటర్లలో) ఎంతో హాల్ వాళ్ళని అడగండి. 3.91 అని చెప్తే ఒక్కో క్యాబినెట్ 128×128, వాల్ మొత్తం 1024×640. అంటే మీ 1920 వీడియోలో ఇంచుమించు రెండు పిక్సెళ్ళకి అక్కడ ఒక బల్బు. 2 పిక్సెళ్ళ సన్నటి గీత ఆ వాల్ మీద ఒక వరస మాత్రమే అయి కదిలినప్పుడు తెగి తెగి కనపడుతుంది. పైన చెప్పిన 10 పిక్సెళ్ళ అంచు అయిదు బల్బుల మందం వస్తుంది, అది నిలుస్తుంది. 1920×1080 సరిపోవడం కాదు, మిగులుతుంది కూడా. 4కే జోలికి పోకండి.

చూసుకోవాల్సింది ఆకారం. 1024×640 అంటే 16:10. మీ 16:9 వీడియో అందులో 1024×576గా కూర్చుని పైనా కిందా 32 వరసలు ఖాళీ ఉండాలి. ఆపరేటర్లు చాలామంది ఆ ఖాళీ కనపడకూడదని ప్రాసెసర్లో వాల్ మొత్తానికి సాగదీస్తారు. అప్పుడు అందరి ముఖాలూ 11 శాతం పొడుగ్గా, సన్నగా అయిపోతాయి. ముందు రోజే వెళ్ళి, ఒక గుండ్రటి వలయం ఉన్న బొమ్మ వేసి చూడండి. కోడిగుడ్డులా కనపడితే స్కేలింగ్ సరిచెయ్యమని అడగండి. వెనక రంగు ముదురుగా ఉంటే ఆ 32 వరసల ఖాళీ జనం కంట పడదు.

తెల్లటి బ్యాక్‌గ్రౌండ్ అస్సలు వద్దు. ఎల్‌ఈడీ వెలుగుకి స్టేజి మీద కూర్చున్న దంపతుల ముఖాలు నల్లబడతాయి, వీడియోగ్రాఫర్ కెమెరా ఎక్స్‌పోజర్ అటూఇటూ ఊగుతుంది. ఫ్రేము కింద అయిదో వంతులో అక్షరాలూ ముఖాలూ పెట్టకండి, పూల డెకరేషనూ కుర్చీల వీపులూ అక్కడే అడ్డొస్తాయి. మూడు ఫోటోల సెట్లు మధ్యలో పెట్టే బదులు వై 50 దాకా పైకి జరిపినా మంచిదే.

బ్లర్ పెట్టిన చోట్ల ముదురు రంగులు మెట్లు మెట్లుగా విడిపోయి కనపడొచ్చు. బిట్‌రేట్ తక్కువైతే ఇది ఎక్కువ. ఎక్స్‌పోర్ట్ ఇలా: హెచ్.264, ఎంపీ4, 30 ఫ్రేములు, 20 ఎంబీపీఎస్, ఆడియో ఏఏసీ 48 కిలోహెర్ట్జ్. 8 నిమిషాలకి 1.2 జీబీ అవుతుంది, ఎఫ్ఏటీ32 పెన్‌డ్రైవ్ 4 జీబీ హద్దుకి చాలా లోపల. పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా ఆడించకుండా, వాళ్ళ ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేయించి, అక్కడే చివరిదాకా ఒకసారి ఆడించి చూసుకోండి.